హెవీ మెటల్ ఎక్కడ మొదలైంది? రూమ్‌లో గొడవ తేలడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

తిరుచానూరు_కుర్రోడు:

అన్నలకీ అక్కలకీ నమస్తే. తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నా, రూమ్‌లో నలుగురం ఉంటాం. 2025 జులైలో ఆజీ ఆస్బోర్న్ చనిపోయినప్పుడు ఫోన్ తెరిస్తే చాలు అవే వీడియోలు, ఎవరబ్బా ఈయన అని ఒకటి నొక్కితే ఆయన పాడిన బ్లాక్ సబ్బత్ బ్యాండు తగిలింది, అప్పట్నుంచి వేరే పాటలు చెవికెక్కడం లేదు.

ఇప్పుడు పంచాయితీ ఏందంటే, హెవీ మెటల్ అనే ఈ మోత రాక్ సబ్బత్‌తోనే పుట్టిందని నేనంటా. ఒకడేమో లెడ్ జెప్లిన్ అంటాడు, వాళ్ల మొదటి ఆల్బమ్ ఏడాది ముందే వచ్చింది కాబట్టి. ఇంకొకడు వాళ్ల మేనమామ చెప్పాడని డీప్ పర్పుల్ తప్ప ఇంకో పేరు ఒప్పుకోడు. నాలుగోవాడు ఎవరు మొదలుపెడితే నాకేంటి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చావండిరా అంటాడు. నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కో కథ.

ఇంకో డౌటు కూడా ఉంది. అదే గిటార్, అవే ఆరు తీగలు, అంతకుముందు రాక్ పాటల్లో లేని ఆ బరువు వీళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది? వాయించే పద్ధతిలోనా, సామానులోనా? ఊరికే లింకులు పారేసి వెళ్లిపోకండి ప్లీజ్, నాలుగు ముక్కలు రాయండి.

పాత_క్యాసెట్:

నాయనా, మీ రూమ్‌లో జరిగే గొడవ మాకు ఎనభైల చివర్లో యూనివర్సిటీ హాస్టల్లో జరిగింది. అప్పుడు ఎవడో ఒకడు మద్రాసు వెళ్లి బర్మా బజార్లో క్యాసెట్ కొనుక్కొచ్చేవాడు, హాస్టల్ మొత్తం దాన్ని ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకునేది, కాపీకి కాపీ అయ్యేసరికి పాట కంటే ఇస్సుమనే చప్పుడే ఎక్కువ వినపడేది. అట్లా విన్న డీప్ పర్పుల్ వల్లే మా బ్యాచ్ అంతా పర్పుల్ పార్టీ. కాబట్టి ఆ మేనమామగారి బాధ నాకు బాగా తెలుసు. అయినా నా ఓటు సబ్బత్‌కే, ఎందుకో చెప్తా.

ముందు జెప్లిన్ సంగతి. 1968లో కట్టిన బ్యాండు, మొదటి ఆల్బమ్ 1969 జనవరి. మోతకి లోటు లేదు, జాన్ బోనమ్ డ్రమ్స్ కొడితే ఇప్పటికీ స్పీకర్ దడదడలాడుతుంది. కానీ కాస్త జాగ్రత్తగా విను, లోపల నడిచేది బ్లూసే, అమెరికా నల్లవాళ్ల పాత పాటల బాణీ. ఆ మొదటి ఆల్బమ్‌లోనే షికాగో బ్లూస్ పెద్దాయన విల్లీ డిక్సన్ పాటలు రెండున్నాయి. 1970లో వచ్చిన మూడో ఆల్బమ్ సగానికి సగం అకూస్టిక్ గిటార్లు. వాళ్లు అన్ని వైపులకీ వెళ్లారు, మెటల్ వాళ్లు దాటిన ఊళ్లలో ఒకటి.

పర్పుల్ కూడా 1968లోనే మొదలైంది, అయితే మొదటి మూడు ఆల్బమ్‌లు వింటే మీవాడు కూడా ఇవి వాళ్లవేనా అంటాడు. 1969లో ఇయాన్ గిలన్, రోజర్ గ్లోవర్ వచ్చి చేరాక, 1970 జూన్‌లో 'ఇన్ రాక్' వచ్చాక గదా అసలు పర్పుల్ బయటికొచ్చింది. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని గిటార్ వాళ్లు వాడే మార్షల్ కంపెనీ యాంప్లిఫైయర్‌కి తగిలించాడు, అది ఆర్గనో గిటారో తెలియనంత గరగర. 1972లో 'మెషీన్ హెడ్'. అందులో అందరికీ తెలిసిన ఆ సరస్సు మీద పొగ పాట, 'స్మోక్ ఆన్ ద వాటర్', పుట్టింది నిజంగా జరిగిన అగ్ని ప్రమాదం నుంచి, 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లో మోంత్రో కసీనో ఫ్రాంక్ జప్పా కచేరీ మధ్యలో తగలబడిపోయింది, రికార్డింగ్‌కి వెళ్లినవాళ్లు ఆ పొగ చూసి పాట కట్టారు. మంచి బ్యాండు, అందులో రెండో మాట లేదు. కానీ తారీఖు చూడు.

బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం. 'ఇన్ రాక్' కంటే నాలుగు నెలలు ముందు. రికార్డింగ్ మొత్తం 1969 అక్టోబర్‌లో ఒక్క రోజులో ముగించేశారు, స్టేజీ మీద రోజూ వాయించే పాటల్నే నిలబడి వాయించేసి సామాన్లు సర్దుకుని పోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 'పారనాయిడ్'. ఇంగ్లండ్‌లో నంబర్ వన్. పత్రికల వాళ్లు మాత్రం తిట్టిపోశారు, జనం పత్రికలు చదివి రికార్డులు కొనరు గదా.

తారీఖులు పక్కన పెట్టినా తేడా ఉంది. మిగతావాళ్ల దగ్గర గిటార్ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న వాయింపు, పాటకి తోడు నడిచే ముక్క, సబ్బత్ దగ్గర రిఫ్‌యే పాట, మిగతా ముగ్గురూ దాని వెంట నడుస్తారు. ఆ మొదటి ఆల్బమ్‌లో మౌతార్గన్ కూడా ఉంది, బిల్ వార్డ్ డ్రమ్స్‌లో జాజ్ పోకడలు ఉన్నాయి, బ్లూస్ వాసన పూర్తిగా పోలేదు, నేను కాదనను. కానీ మొదటి పాట మొదటి నిమిషం విన్నాక ఇది వేరే బండి అని ఎవడికైనా అర్థమవుతుంది.

మదనపల్లె_ఫజ్:

పాత క్యాసెట్ సార్ మీద గౌరవంతోనే అంటున్నా, ఇంగ్లండ్ వాళ్లకి మొత్తం పట్టా రాసిచ్చేయడం అన్యాయం. అమెరికాలో 1958లో లింక్ రే అనే ఆయన 'రంబుల్' అని ఒక వాయిద్యం ముక్క చేశాడు, అందులో ఒక్క మాట కూడా లేదు, అయినా పిల్లలు కొట్టుకుంటారేమోనని కొన్ని రేడియో స్టేషన్లు వేయడం మానేశాయి. ఆ గరుకు శబ్దం కోసం ఆయన స్పీకర్ కోన్‌కి, అంటే లోపల ఊగే కాగితం గరాటుకి, పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. సబ్బత్ వాళ్లు అప్పటికి బడికి వెళ్తున్న పిల్లలు.

తర్వాత బ్లూ చీర్. శాన్‌ఫ్రాన్సిస్కో, ముగ్గురే ముగ్గురు. 1968 జనవరిలో మొదటి ఆల్బమ్. అందులో ఎడీ కాక్రన్ పాత పాట 'సమ్మర్‌టైమ్ బ్లూస్'ని పట్టుకుని నుజ్జునుజ్జు చేశారు, అది బిల్‌బోర్డ్ చార్టులో 14 దాకా వెళ్లింది, అంటే ఎవరికీ తెలియని మూల సరుకు కాదు. జిమీ హెండ్రిక్స్‌ని ఎవరూ తలవలేదు ఇంకా. 1967లోనే ఆయన ఫజ్ (శబ్దాన్ని గరుకు చేసే డబ్బా) పెట్టి, స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకే దూరి కూసే ఫీడ్‌బ్యాక్‌తో పాటలు కట్టాడు, ఆయన పేరు తెచ్చుకున్నది లండన్‌లో, పుట్టింది మాత్రం సియాటిల్‌లో.

ఇంకో తమాషా. షికాగోలో కోవెన్ అని ఒక బ్యాండు, 1969 ఆల్బమ్. అందులో మొదటి పాట పేరేంటో తెలుసా, 'బ్లాక్ సబ్బత్'. బేస్ గిటార్ వాయించినతని పేరు ఓజ్ ఆస్బోర్న్. ఒట్టు. వింటే మాత్రం మామూలు సైకెడెలిక్ రాక్, భయం మొత్తం అట్ట మీదే ఉంది.

పాత_క్యాసెట్:

చివరి వాక్యంతో నువ్వే నా పని సులువు చేశావు ఫజ్. బ్లూ చీర్ మోతలో ముందు, ఒప్పుకుంటా. కానీ వాళ్లు పాత పాటని గట్టిగా వాయించారు, సబ్బత్ వాళ్లు ఆ మోతకి తగ్గ కొత్త పాట కట్టారు. నా లెక్కంతా అక్కడే ఉంది.

సౌండ్_బాక్సులు_చిత్తూరు:

రెండో డౌటు నాకు వదిలేయండి, మన సబ్జెక్టు. జాతర్లకీ పెళ్లిళ్లకీ సౌండ్ పెడతాను, ఈ పాటలు పెద్దగా వినను గానీ ఆ శబ్దం ఎట్లా వస్తుందో మాత్రం తెలుసు.

మా దగ్గర యాంప్లిఫైయర్ మీద క్లిప్ లైటు అని ఎర్ర లైటు ఉంటుంది. అది వెలిగిందంటే యాంప్ ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ అడుగుతున్నామని అర్థం, వెంటనే వాల్యూమ్ తగ్గిస్తాం, లేకపోతే బాక్సులు కాలతాయి. లోపల జరిగేదేందంటే, శబ్దం అల లాగా పైకీ కిందికీ పోతుంటుంది గదా, యాంప్‌కి అంత ఎత్తు ఇచ్చే శక్తి లేనప్పుడు అల తల తెగి చదునుగా అయిపోతుంది. తల తెగితే అసలు స్వరంలో లేని పై స్వరాలు బోలెడు కొత్తగా పుడతాయి, ఆ గరగర అంతా అదే. ఇంకోటి, మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే ఎత్తులో కోసేస్తుంది కాబట్టి స్వరం తొందరగా చావదు, సాగుతూనే ఉంటుంది. మామూలు గిటార్ 'టంగ్' మని ఆరిపోతుంది, దీన్లో మీటి వదిలేస్తే అట్లా నిలబడి ఉంటుంది. ఆ పాత వాల్వ్ యాంప్‌లు, అంటే గాజు గొట్టాలవి, అల తలని గుండ్రంగా కోస్తాయి, ఇప్పటి ట్రాన్సిస్టర్ యాంప్ అయితే కత్తితో కోసినట్టు చటుక్కున కోస్తుంది, అందుకే వాల్వ్ గరగర చెవికి ఇంపుగా ఉంటుంది. మేం ఏ లైటుకి భయపడతామో ఆ లైటు వెలిగించి ఉంచుకోవడమే వీళ్ల సంగీతం అనిపించింది నాకు.

పెన్సిల్ కథ చెప్పారు గదా, ఇంగ్లండ్‌లో కింక్స్ అనే బ్యాండు గిటార్ ఆయన డేవ్ డేవిస్ 1964లో చిన్న యాంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోశాడు. 'యూ రియల్లీ గాట్ మీ' పాటలో వినపడేది ఆ చిరిగిన కోనే. మా దగ్గరికి అట్లాంటి బాక్సు వస్తే కోన్ మార్పించాలన్నా అని బిల్లు రాసేవాణ్ణి.

ఇక సామాను. లండన్ పక్కన హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అని ఒకాయన, స్వతహాగా డ్రమ్స్ నేర్పే మాస్టారు, మ్యూజిక్ సామాన్ల షాపు పెట్టాడు. అమెరికా ఫెండర్ యాంప్‌లు దిగుమతి చేసుకుంటే ధర మండిపోయేది, అందుకని 1962లో ఫెండర్ బాస్‌మాన్ సర్క్యూట్‌ని చూసుకుని వాళ్లే ఇక్కడ దొరికే భాగాలతో కట్టారు. ద హూ బ్యాండు వాళ్లు, పీట్ టౌన్‌షెండ్, జాన్ ఎంట్‌విజిల్, వచ్చి ఇంకా మోత కావాలి ఇంకా మోత కావాలి అని పీక్కుతింటే 1965లో 100 వాట్ల యాంప్ వచ్చింది. దానికి 12 అంగుళాల స్పీకర్లు ఎనిమిది పెట్టి ఒకే బాక్సు చేయించుకున్నారట. మోసే కూలీలు గోల పెట్టారు. సరే అని దాన్ని అడ్డంగా రెండు చేసి నాలుగు నాలుగు స్పీకర్ల బాక్సుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టారు, ఈ రోజుకీ మెటల్ స్టేజీ మీద వెనకాల గోడ లాగా కనపడేది అదే. మోసేవాడి నడుం నొప్పి లోంచి వచ్చిన డిజైన్ అది, నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

సబ్బత్ గిటార్ ఆయన టోనీ అయోమీ మాత్రం మార్షల్ కాదు, వాళ్ల బర్మింగ్‌హామ్‌లోనే 1967లో మొదలైన లేనీ యాంప్‌లు వాడాడు.

తిరుచానూరు_కుర్రోడు:

సౌండ్ అన్నా, కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సార్ చెప్పినప్పుడు ఎక్కని క్లిప్పింగ్ ఇప్పుడు ఎక్కింది. మరి టోనీ అయోమీ వేళ్లు తెగిన కథ నిజమేనా? మావాడు అది పబ్లిసిటీ కోసం అల్లిందంటాడు.

పాత_క్యాసెట్:

నూటికి నూరుపాళ్లు నిజం. అయోమీకి అప్పుడు 17 ఏళ్లు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని, బ్యాండుతో టూర్‌కి వెళ్లాలని ఉద్యోగం మానేశాడు, అది చివరి రోజు. ఆ రోజు రేకుల్ని వంచే ప్రెస్ దగ్గర ఉండాల్సిన మనిషి రాలేదని ఇతన్ని నిలబెట్టారు, ప్రెస్ కుడిచేతి మీద పడింది, మధ్య వేలు ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఎడంచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే.

ఇంట్లో కుమిలిపోతుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మాన్ ఒక రికార్డు తెచ్చి వినమన్నాడు. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ ది. విన్నాక చెప్పాడు, ఇతను రెండు వేళ్లతోనే వాయిస్తాడని, అగ్నిప్రమాదంలో మిగతా రెండూ పనికిరాకుండా పోయాయని. అయోమీ లేచి గిన్నెలు తోముకునే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకి తొడుక్కునే టోపీల్లాగా చేసి, గరుకు కాగితంతో రుద్ది సైజుకి తెచ్చి, తీగ మీద జారకుండా పైన పాత జాకెట్ తోలు ముక్క అతికించుకున్నాడు. ఆ టోపీల వెనక వేలికి స్పర్శ తెలియదు, లావు తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్న తీగలు వెతికాడు, అప్పట్లో గిటార్‌కి అంత సన్నవి దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు. తర్వాత తీగల్ని ఇంకా వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. ఆ దించడం వల్లే ఈ రోజు నువ్వు వింటున్న బరువులో సగం వచ్చింది. వేళ్లు తెగకపోతే అయోమీ ఇంకో మంచి బ్లూస్ గిటారిస్టు అయ్యేవాడు, అంతే అనుకుంటాను.

వీణ_రెండో_సంవత్సరం:

నేను తిరుపతిలోనే వీణ నేర్చుకుంటున్నాను, ఈ సంగీతం నాకు పూర్తిగా కొత్త, తమ్ముడు ఈ చర్చ చూపించి సబ్బత్ మొదటి ఆల్బమ్‌లో ఆ మొదటి పాట వినిపించాడు. వాన, దూరంగా గంట, ఉరుము, తర్వాత గిటార్. స్వరాలు పట్టుకుని చూశాను. మూడే. షడ్జం, పైన తారషడ్జం, అక్కణ్ణుంచి దిగి ప్రతిమధ్యమం. ఆ మూడో స్వరం మీద గిటార్ పంచమం వైపు ఊగుతూ ఉంటుంది కానీ పంచమం మీద నిలబడదు, మళ్లీ షడ్జానికి పడిపోతుంది.

షడ్జానికీ ప్రతిమధ్యమానికీ ఉన్న ఈ దూరాన్ని పాశ్చాత్య సంగీతంలో సైతాను స్వరం లాంటి పేరుతో పిలిచారు, దాన్ని వాడకూడదని చర్చి నిషేధించిందని ఇంటర్నెట్‌లో ఒక కథ తిరుగుతుంది, నిషేధం అన్నది పుక్కిటి పురాణమే, పాఠం చెప్పేవాళ్లు ఆ దూరాన్ని తప్పించమనేవారు, అంతవరకే నిజం. మనకైతే 72 మేళకర్తల్లో 36 ప్రతిమధ్యమానివే. కల్యాణి పాడితే ఎవరైనా భయపడతారా? అదే స్వరం పెళ్లిలో నాదస్వరం మీద వినపడితే కడుపు నిండినట్టుంటుంది. కాబట్టి భయం స్వరంలో లేదు. కల్యాణిలో దానికి అటూ ఇటూ గాంధారం, పంచమం తోడుంటాయి, కింద తంబురా షడ్జ పంచమాలు పలుకుతూ ఉంటుంది. ఇక్కడ తోడు ఎవరూ లేరు. షడ్జం తర్వాత ఏకంగా ప్రతిమధ్యమం, అది కూడా నత్తనడకన, ఇంత గరుకు శబ్దంలో. అందుకు వణుకు. తమ్ముడు చెప్పినదాని ప్రకారం బేస్ వాయించే గీజర్ బట్లర్ ఆ రోజుల్లో హోల్స్ట్ అనే ఇంగ్లిష్ స్వరకర్త 'మార్స్' వాయించుకుంటూ ఉంటే అది విని అయోమీ ఈ ముక్క కట్టాడట, ఆ 'మార్స్' కూడా విన్నాను, చుట్టరికం స్పష్టంగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. వీళ్లు పవర్ కార్డ్ అనేది వాయిస్తారు గదా, అందులో ఉండేవి షడ్జ పంచమాలే, గాంధారం ఉండదు. ఎందుకని సౌండ్ అన్నగారు చెప్పిన క్లిప్పింగ్‌తో కలిపి ఆలోచిస్తే తెలిసింది. అల తల తెగినప్పుడు రెండు స్వరాలు ఒకదాంతో ఒకటి కలిసి కొత్త స్వరాలు పుట్టిస్తాయి, షడ్జ పంచమాల నుంచి పుట్టేవి మళ్లీ వాటికి సరిపోయేవే, గాంధారం కలిపితే గజిబిజి అయిపోతుంది. పైగా రెండు వేళ్లతో నొక్కేయొచ్చు, అయోమీ చేతికి అంతకంటే ఏం కావాలి.

శ్రుతి దించడం గురించి. గిటార్ లావు తీగ మామూలుగా మన లెక్కలో మూడు శ్రుతి. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకి ఒకటిన్నరకి, అంటే మూడు స్వరస్థానాలు కిందికి, దించాడు. తీగ బిగువు తగ్గితే స్వరం కాస్త వేలాడుతుంది, మీటిన వెంటనే కొంచెం పైకి లేచి సర్దుకుంటుంది, బరువుగా అనిపించడానికి అదీ ఒక కారణం. వీణ మీద కూడా మంద్రం తీగ కాస్త వదులు చేసి చూశాను, నిజంగానే ఆ లక్షణం వస్తుంది. మా మేడమ్‌కి మాత్రం చెప్పకండి.

గంగమ్మగుడి_సందు:

అంతా బాగుంది సామీ, కానీ శిలువలు, దెయ్యాలు, చేతి వేళ్లతో కొమ్ములు చూపించడం ఇవన్నీ ఏంది? మా అమ్మ ఆ ఆల్బమ్ అట్ట చూసి ఫోన్ లాక్కుంది.

పలమనేరు_మెయిడెన్:

హ్హ హ్హ, అమ్మకి ఇది చెప్పు. ఆ కొమ్ముల సైగని మెటల్‌లోకి తెచ్చి జనంలో వేసినవాడు రానీ జేమ్స్ డియో, 1979లో ఆజీ పోయాక సబ్బత్‌లో చేరిన గాయకుడు. ఇటలీ మూలాలున్న కుటుంబం, వాళ్ల అమ్మమ్మ రోడ్డు మీద ఎవరి చూపైనా పడిందనుకుంటే దిష్టి తగలకుండా ఆ సైగ చేసేదట. మన గుమ్మానికి గుమ్మడికాయ కట్టే లెక్కే. కోవెన్ వాళ్లు 1969లోనే చూపించారు గానీ ప్రపంచానికి అంటించింది డియో.

శిలువల సంగతికొస్తే, మొదట్లో వాటిని అల్యూమినియంతో చేసిచ్చింది ఆజీ వాళ్ల నాన్న, ఫ్యాక్టరీ కార్మికుడు. పాటలు రాసిన గీజర్ బట్లర్ క్యాథలిక్ ఇంట్లో పెరిగిన మనిషి, ఆ మొదటి పాటలో సైతాను కనపడితే పాడేవాడు దేవుడా కాపాడు అని వేడుకుంటాడు, పూజ ఏమీ చెయ్యడు. బ్యాండు పేరు కూడా 1963లో బోరిస్ కార్లాఫ్ నటించిన సినిమా పేరే, అంతకుముందు వీళ్ల పేరు ఎర్త్, అదే పేరుతో ఇంకో బ్యాండు ఉందని మార్చుకోవాల్సొచ్చింది. జనం భయపడ్డానికి టికెట్ కొంటున్నారు గదా, మనం భయపెట్టే పాటలు ఎందుకు కట్టకూడదు అన్నది ఆలోచన. 'వార్ పిగ్స్' పాటలో మంత్రగాళ్లంతా యుద్ధానికి పేదోళ్లని పంపే పెద్దలు, వియత్నాం నడుస్తున్న రోజులవి.

అయితే పాత క్యాసెట్ సార్ సబ్బత్ దగ్గరే ఆగిపోయారు, నా బాధ అది. సబ్బత్ మొదలుపెట్టింది, మెటల్‌కి ఇల్లు కట్టిచ్చింది జూడస్ ప్రీస్ట్. వీళ్లదీ బర్మింగ్‌హామ్ వైపే. రాబ్ హాల్ఫర్డ్ గొంతు, ఇద్దరు గిటారిస్టులు కె.కె. డౌనింగ్, గ్లెన్ టిప్టన్ ఒకరికొకరు సమానంగా వాయించడం, బ్లూస్ ఛాయ పూర్తిగా కడిగేయడం. 1976 'శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ', 1978 'స్టెయిన్డ్ క్లాస్' వినండి, సబ్బత్ నుంచి ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది. ఈ తోలు జాకెట్లు, మేకుల బెల్టులు కూడా వాళ్లవే, సబ్బత్ వాళ్ల పాత ఫొటోలు చూస్తే అచ్చం హిప్పీలు. 1980లో 'బ్రిటిష్ స్టీల్'. టిప్టన్ నిజంగానే బ్రిటిష్ స్టీల్ కంపెనీలో పని చేసినవాడు. అందులో ఒక పాటలో మరమనుషులు కవాతు చేసే చప్పుడు కావాలంటే అప్పుడు చప్పుళ్లు దాచి వాయించే శాంప్లర్ యంత్రాలు ఎక్కడివి, స్పూన్లు ఫోర్కులు పెట్టే ట్రేలు మైకు ముందు పట్టుకుని ఊపారు.

తర్వాత బేస్ గిటార్ వాయించే లెమ్మీ. అతను ఉన్న హాక్‌విండ్ బ్యాండు వాళ్లు కెనడా సరిహద్దులో డ్రగ్స్ కేసు గొడవయ్యాక తీసేస్తే 1975లో మోటర్‌హెడ్ పెట్టాడు, వేగం అక్కణ్ణుంచి వచ్చింది. అదే ఏడాది చివర్లో లండన్ తూర్పున స్టీవ్ హారిస్ ఐరన్ మెయిడెన్ మొదలుపెట్టాడు. 1979కి ఇంగ్లండ్‌లో ఊరికో బ్యాండు, సౌండ్స్ అనే పత్రిక దానికి న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్ అని పేరు పెట్టింది. డైమండ్ హెడ్ అనే బ్యాండుని చూడ్డానికి డెన్మార్క్ కుర్రాడు లార్స్ ఉల్రిక్ అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్లాడు 1981లో, తిరిగొచ్చి అదే ఏడాది మెటాలికా. అక్కడితో ఇంకో కథ మొదలవుతుంది, దానికి వేరే ప్రశ్న వేయండి.

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ వచ్చినప్పుడు ములబాగల్, కోలారు మీదుగా బస్సులో వెళ్లిన బ్యాచ్ మాది. నల్ల టీషర్టులు చూసి కండక్టర్ అయ్యప్ప మాలా అని అడిగాడు.

మదనపల్లె_ఫజ్:

ప్రీస్ట్ ఇల్లు కట్టిందన్నావు, మరి రెయిన్‌బో బ్యాండు? పర్పుల్ వదిలేశాక వాళ్ల గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ డియోతో కలిసి 1976లో చేసిన 'రైజింగ్' లేకుండా ఈ కత్తులూ మాంత్రికులూ కోటలూ పాటలు ఎక్కడివి? పర్పుల్ పార్టీ మేనమామకి ఆ మాత్రం వాటా ఇవ్వాలి. 1972 'హైవే స్టార్'లో బ్లాక్‌మోర్ సోలో పాతకాలం జర్మన్ స్వరకర్త బాఖ్ పద్ధతిలో కట్టింది, తర్వాత వచ్చిన స్పీడు గిటారిస్టులంతా ఆ దారిలో నడిచినవాళ్లే.

పలమనేరు_మెయిడెన్:

ఇస్తున్నా, తీసుకో. 'రైజింగ్' విషయంలో నీతో గొడవ పడను.

తిరుచానూరు_కుర్రోడు:

అందరికీ దండం. ఇది మొత్తం రూమ్‌లో చదివి వినిపించా. జెప్లిన్ వాడు బోనమ్ గురించి మంచి మాట పడింది కాబట్టి శాంతించాడు, పర్పుల్ వాడు మేనమామకి ఫోన్ చేసి 'ఇన్ రాక్' తారీఖు అడుగుతున్నాడు. నాలుగోవాడు స్పూన్ల ట్రే దగ్గర నవ్వాడు. ఇక ఏ వరసలో వినాలో చెప్పండి, పొడుగు లిస్టు వద్దు.

పాత_క్యాసెట్:

ముందు కింక్స్ పాట ఒకటి, బ్లూ చీర్ పాట ఒకటి, మోత ఎట్లా పెరిగిందో తెలియడానికి. తర్వాత సబ్బత్ మొదటి ఆల్బమ్ పూర్తిగా, మధ్యలో ఆపకుండా. దాని వెంటనే 'ఇన్ రాక్' పెడితే మీ గొడవకి మీకే జవాబు దొరుకుతుంది. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' మాత్రం ఫోన్ స్పీకర్లో వినొద్దు, ఆ కింది స్వరాలు అందులో పలకవు. ఆ తర్వాత 'స్టెయిన్డ్ క్లాస్'. చివర్లో 2025 జులై 5న ఆస్టన్‌లో విల్లా పార్క్ స్టేడియంలో జరిగిన సబ్బత్ ఆఖరి కచేరీ వీడియోలు చూడు, నలుగురూ పుట్టిపెరిగిన పేట అది, ఆజీ నిలబడలేక నల్ల సింహాసనం మీద కూర్చునే పాడాడు, పదిహేడు రోజులకి పోయాడు.

సౌండ్_బాక్సులు_చిత్తూరు:

ఫోన్ స్పీకర్ వద్దన్నారు కాబట్టి చెప్తున్నా, వచ్చే ఆదివారం గోడౌన్‌లో 18 అంగుళాల బేస్ బాక్సులు కొత్తవి టెస్ట్ చేయాలి. ఆ ఒకటిన్నర శ్రుతి పాట పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా తమ్ముడూ, మీ నలుగురూ రండి. క్లిప్ లైటు మాత్రం వెలగనివ్వను.